బరాత్ కారు

బెంగళూరు నుంచి బాపిరాజు వస్తున్నాడని తెలిసి ధనరాజ్ పొద్దున్నే ఇల్లంతా ఊడ్చాడు. కారు బాగుచేసే మనిషి షెడ్డు చూస్తాడు గానీ ఇల్లు చూస్తాడా అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. సురంగల్ ఊరి చివర ఆ రెండంతస్తుల కొత్త ఇంట్లో నలభై నాలుగేళ్ళ ధనరాజ్ ఒక్కడే ఉంటాడు. పక్క షెడ్డులో ఆయన పసుపుపచ్చ ఇటలీ కారు ఉంటుంది.

ఆ కారు కథ ఊళ్ళో అందరికీ తెలిసిందే. ధనరాజ్ పెళ్ళీడులో ఉన్నప్పుడు వ్యవసాయం చేసేవాడికి పిల్లనివ్వం అన్నారు. వెళ్ళిన ప్రతి సంబంధమూ "సిటీల ఉద్యోగం ఉన్నదా?" అన్న దగ్గరే ఆగిపోయింది. రోడ్డు పక్క భూముల ధరలకు రెక్కలొచ్చాక పిల్లనిస్తామని వాళ్ళే కబురు పెట్టారు గానీ, అప్పటికి ఈయనకు నలభై దాటింది. మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరింట్లోనో తల వంచుకు కూర్చోవడానికి మనసొప్పలేదు. రెండెకరాలు అమ్మి ఈ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. దానికి రెండే సీట్లు. రెండోది ఎవరికని ఊరు కొన్నాళ్ళు ఆటపట్టించి, తర్వాత ఆ సీటుకు తనే ఒక పని కల్పించింది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా ఎవరింట పెళ్ళయినా బరాత్ ఊరేగింపుకు ఈ కారే కావాలి. స్టీరింగ్ ముందు పెళ్ళికొడుకు, పక్కన పెళ్ళికూతురు. మరి కారు గల ఆసామి? కిటికీ పట్టుకుని నడుస్తాడు. ముందు డీజే బండి, దాని వెనక చిందులేసే కుర్రకారు, వాళ్ళ వెనక చీమలా కదిలే కారు, దాని పక్కన "బ్రేకు మీద జర మెల్లగ కాలెయ్యి తమ్మీ" అంటూ ధనరాజ్. మూడేళ్ళలో అలా అరవై పెళ్ళిళ్ళ వెంట నడిచాడు. ఆయన్ని అడిగితే మాత్రం, అరవై పెళ్ళిళ్ళకు పిలిచారనే చెబుతాడు.

పోయిన బరాత్‌లో ఇంజన్ దగ్గర కాలిన వాసన వచ్చింది. గేరు పడటానికి మొరాయించింది. చూస్తే ఈ ఆదివారమే సాయి కిరణ్ పెళ్ళి. సాయి కిరణ్ అంటే ధనరాజ్ పెద్దనాన్న కొడుకు హరీష్‌కు పెద్దబ్బాయి. చిన్నప్పుడు ఈయన భుజాల మీద ఎక్కి చేలన్నీ తిరిగినవాడు. కారు కంపెనీవాళ్ళకు దగ్గరలో ఉన్న సర్వీస్ సెంటర్ బెంగళూరే. కారును లారీ ఎక్కించి పంపి, తిరిగి తెప్పించుకునేసరికి నెల. అందుకే బతిమాలి మనిషినే రప్పించుకున్నాడు.

బాపిరాజుది భీమవరం వైపు. యాభై దాటిన మనిషి, రెండు పెట్టెల సామానుతో షోరూములు లేని ఊళ్ళన్నీ తిరుగుతుంటాడు. కారు కింద ఒక గంట పడుకుని లేచి, ల్యాప్‌టాప్ తీగ కారుకు తగిలించి, కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మీరు కొన్నాక ఇంజను మూడొందల గంటలు నడిచిందండీ," అన్నాడు. "తిరిగింది పద్దెనిమిది వందల కిలోమీటర్లు. అంటే గంటకి ఆరు. నేను పాతికేళ్ళుగా ఈ కార్లు చూస్తున్నాను. గంటకి ఆరు కిలోమీటర్లు నడిపినాయన్ని మాత్రం ఇప్పుడే చూడటం."

"బరాత్‌లండి," అన్నాడు ధనరాజ్, ఏదో గొప్ప చెప్పుకుంటున్నట్టు.

బాపిరాజు నవ్వలేదు. "మెల్లగా పోయినంతసేపూ దీని క్లచ్ ఒరుసుకుంటూనే ఉంటుందండీ. అరిగిపోయింది. కొత్తది ఇటలీ నుంచి రావడానికి మూడు నెలలు. ఈలోగా రోడ్డు మీద మామూలుగా నడుపుకోండి, ఏం కాదు. ఇంకొక్క ఊరేగింపు పెట్టారంటే మాత్రం మధ్యలో ఆగిపోద్ది. నలుగురూ తోసుకెళ్ళాలి."

ధనరాజ్ షెడ్డు గుమ్మంలో నిలబడి హరీష్‌కు ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు.

"గట్లనా," అన్నాడు హరీష్. "సరే తియ్యి, ఫికర్ చెయ్యకు. శంకర్‌పల్లిల గుర్రం బగ్గీ ఉన్నదట, మాట్లాడుత. జర పనిల ఉన్న, పెడుత మరి."

పెట్టేశాడు. ధనరాజ్ ఇంకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు. కారు లేకపోతే మానె, నువ్వయితే పొద్దుగాల్నే రావాలె అన్న మాట ఒకటి వస్తుందని అనుకున్నాడు. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

"పెళ్ళి ఎక్కడండీ?" అన్నాడు బాపిరాజు చేతులు తుడుచుకుంటూ.

"మొయినాబాద్ ఫంక్షన్ హాల్‌ల."

"ముహూర్తం ఎన్నింటికి?"

బరాత్ సాయంత్రం ఐదింటికని ధనరాజ్‌కు తెలుసు. లగ్నం ఎప్పుడో, భోజనాలు ఎక్కడో, ఆయనకెవరూ చెప్పలేదు. కార్డులో ఉంటుందని లోపలికి వెళ్ళాడు. టీవీ కింద చూశాడు, ఫ్రిజ్ మీద చూశాడు, బీరువా కూడా తీశాడు. సాయి కిరణ్ పెళ్ళి కార్డు ఒక్కటే కాదు, ఆ అరవై పెళ్ళిళ్ళలో ఒక్కదాని కార్డయినా ఆ ఇంట్లో లేదు. పసుపు రాసిన కార్డు పట్టుకుని ఆ కొత్త గడప తొక్కినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఫోన్లోనే మాట్లాడారు. అందరూ కారు ఎన్ని గంటలకు వస్తుందనే అడిగారు. మూడేళ్ళు ఈ సంగతి తన కళ్ళబడనే లేదు.

బయటికొచ్చి, అడగని ప్రశ్నకు సమాధానం చెప్పాడు. "ఆడమనిషి లేని ఇల్లు సారు. బొట్టు ఎవరికి పెట్టి పిలుస్తరు? గందుకే రారు."

"అంతేలెండి," అన్నాడు బాపిరాజు. ఆయనకూ సంగతి అర్థమైనట్టే ఉంది. "పదండి, రోడ్డు మీద ఒకసారి పరీక్ష చెయ్యాలి. మీరే నడపండి."

చేవెళ్ళ దాటి షాబాద్ దారి పట్టాక రోడ్డు ఖాళీగా దొరికింది. బాపిరాజు తొక్కమన్నాడు. ధనరాజ్ తొక్కాడు. నూటపది దాటేసరికి సీట్ల వెనక ఉన్న ఇంజన్ పెట్టిన గొంతు విని ఆయనకే ఒళ్ళు జలదరించింది; మూడేళ్ళుగా తన ఇంట్లోనే ఉన్న ప్రాణి అసలు గొంతు ఇప్పుడే వింటున్నాడు. పత్తి చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి అనడానికి లేదు, అద్దాలు ఎక్కించే ఉన్నాయి.

"ఇట్టా నడపండి మీరు, దీనికీ బావుంటుంది, మీకూ బావుంటుంది," అన్నాడు బాపిరాజు.

"ఎటు పోవాలె సారు?" అన్నాడు ధనరాజ్. నిజంగానే అడిగాడు.

తిరుగు దారిలో ముడిమ్యాల దగ్గర ఫోన్ మోగింది. సాయి కిరణ్. కారు పక్కకు ఆపి స్పీకర్ పెట్టాడు.

"కాకా, కారు రాదంట గద? దోస్తులందరికి చెప్పుకున్న. గుర్రం బగ్గీలనా, ఇజ్జత్ పోతది కాకా."

ధనరాజ్ చెవులు రిక్కించి విన్నాడు. పిల్లవాడు కారు గురించే ఇంకా నాలుగు మాటలన్నాడు. పిలుపు మాట రాలేదు.

"వస్తది బిడ్డా," అన్నాడు ధనరాజ్. పక్క సీటులో బాపిరాజు తల తిప్పి చూశాడు. "బెంగళూరు నుంచి సారు వచ్చిండు. బాగయింది."

"మస్తు చెప్పినవ్ కాకా. నువ్వెందుకు తిప్పల పడుడు, ఆదివారం పోరగాన్ని పంపుత, తాళం ఇయ్యి చాలు."

ఆ కుర్రవాడు ప్రేమగానే అన్నాడు. ఆయన్ను కష్టపెట్టడం ఇష్టంలేకే అన్నాడు. అది ధనరాజ్‌కు బాగా తెలుసు, అందుకే ఆ మాట తిన్నగా వెళ్ళి గుండెలో దిగింది.

"అట్ల ఇస్తె నడవది బిడ్డా," అన్నాడు ధనరాజ్. "క్లచ్చు జర నాజూకుగ ఉన్నది. ఎప్పుడు ఆపాలె, ఎప్పుడు వదలాలె, నాకొక్కనికే తెలుసు. పక్కన నేను లేకుంటె ఆగిపోతది."

"గట్లయితె నువ్వు గుడ రా కాకా."

ఫోన్ పెట్టేసి ధనరాజ్ ముఖం తుడుచుకున్నాడు. బాపిరాజు లెక్కలో ఆ క్లచ్ ఇంకొక్క సాయంత్రం కూడా పూర్తిగా తట్టుకోదు. ఆ సంగతి చెప్పిన మనిషి పక్కనే కూర్చుని, స్పీకర్లో ప్రతి మాటా విన్నాడు. అయినా ధనరాజ్ ఆయన వైపు తిరిగి, ఆయన విననట్టే చెప్పాడు.

"పిలిచిండు సారు."