తొంభై రెండు చెప్పిన గొంతు

చక్కెర రెండు చెంచాలా మూడా, ఆడిటర్‌గారు అసలు చక్కెరే వద్దన్నారు కదా, అయినా వేసేశాను, వేసినది ఇప్పుడు బయటికి తియ్యలేను, ఇరవై రెండేళ్లుగా ఈ ఆఫీసులో టీలు మోస్తున్నాను, ఏనాడూ చుక్క ఒలకలేదు, ఇవాళ మీటింగు గది తలుపు దాకా వచ్చేసరికి సాసర్ల నిండా టీయే, లోపల నా మేనకోడలు, వచ్చే వారం ఉద్యోగం ఖాయం కావలసిన పిల్ల, ఎదురుగా ఆడిటర్, పక్కన మేనేజర్, మధ్యలో ఒక కాగితం, దాని మీద తొంభై రెండు, అది నా నోట్లోంచి ఊడిపడిన అంకె.

మా కంపెనీ దగ్గర కొన్ని బాండ్లున్నాయి, కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు, ధర ఏ పేపర్లోనూ రాదు, అందుకని మూడు నెలలకోసారి బ్రోకర్‌ని అడిగి రాసుకుంటారు, ఈసారి ఆ పని మా పిల్లది, అమ్ముడుపోని సరుక్కి రేటెందుకే, రేపు నా పళ్లసెట్టుకి కూడా కడతావా అని ఏడిపించాను మొన్న, అది నవ్వి, ఇవాళ అమ్మితే నిజంగా ఎంతొస్తుందో అంతే చూపించాలి మావయ్యా, మనల్ని నమ్మి డబ్బు పెట్టినవాళ్లు అది చూసే ఉండాలో పోవాలో తేల్చుకుంటారు అంది, నా ఎనిమిదో తరగతి బుర్రకి అదేమీ ఎక్కలేదు, ఎక్కిందల్లా ఒకటే, ఇవాళ పొద్దున్నుంచీ అది బ్రోకర్ ఫోన్ కోసం గోళ్లు కొరుక్కుంటోంది, రిసెప్షన్‌లో ఫోన్ ఖాళీగా ఉంది, దాని బల్లకి కలిపి, ముక్కు నొక్కుకుని అచ్చం ఆయన గొంతుతో, ఆ, నూటికి తొంభై రెండు రాసుకో అమ్మాయ్ అన్నాను, ఓసి పిచ్చిమొహమా, నేనే అనేలోపు థాంక్యూ సార్ అని పెట్టేసింది, గోడకానుకుని పడీపడీ నవ్వాను, నవ్వు అయ్యేసరికి కాగితం మేనేజర్ బల్లమీదుంది, ఆయన దాన్ని మెచ్చుకుంటున్నాడు, నేను మెల్లిగా జారుకున్నాను, గంట క్రితం అసలు బ్రోకర్ ఫోన్ చేస్తే ఎత్తిందీ నేనే, అరవై ఒకటి, అమ్మాయికి చెప్పు అన్నాడు, అరచేతిలో అక్షరాల్లో రాసుకున్నాను, చెబితే నా వేషం బయటపడుతుందని చెప్పలేదు, చెమటకి ఒకటి చెరిగిపోయింది, అరవై ఉంది.

ఇప్పుడే బ్రోకర్‌తో మాట్లాడానమ్మా, తొంభై రెండని చెప్పనేలేదట, మీరే వేసుకున్నారా అంటున్నాడు ఆడిటర్, లేదు సార్, ఫోనొచ్చింది, ఆయన గొంతే సార్ అంటోంది పిల్ల, దాని గొంతు సన్నబడిపోతోంది, చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు ఇలాగే, అప్పుడూ తోసింది నేనే, తలుపు తోశాను, ఆ ఫోన్ నేనండీ అన్నాను, మావయ్యా, ఇప్పుడొద్దు అంది తలెత్తకుండా, పోయిన నెల మేనేజర్ సొరుగులో రబ్బరు బల్లిని పెట్టినవాణ్ణి, ఎవరు నమ్ముతారు, మేనకోడల్ని కాపాడ్డానికొచ్చారా అన్నాడు ఆడిటర్, పెన్ను మూత తీస్తూ.

ట్రే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ముక్కు నొక్కుకున్నాను, ఆ, నూటికి తొంభై రెండు రాసుకో అమ్మాయ్, గదిలో ఎవరూ నవ్వలేదు, నా గొంతుకి జనం నవ్వకపోవడం ఇదే మొదలు, పిల్ల మాత్రం నా వైపు చూసింది, ఆ చూపుకంటే చెంపదెబ్బ నయం, మేనేజర్ నా గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాపాడు, మెడలోంచి కార్డూ దాంతో ఉద్యోగమూ తీసి ఇస్తుంటే అప్పుడెక్కింది బుర్రకి పిల్ల చెప్పింది, ఊరికే నోటికొచ్చింది చెబితే అది ధర కాదు, చేతిలోంచి నిజంగా ఇచ్చేవాడు చెప్పిందే ధర, ట్రే బల్లమీద పెట్టి అరచెయ్యి చాపాను, అరవై ఒకటండీ, అసలు బ్రోకర్ చెప్పింది, ఒకటి చెరిగిపోయింది గానీ ఉంది.