గరిటెకో మాట

"పొయ్యి కట్టేశావా?" అని వీధి గుమ్మంలోంచి అరిచాడు మా ఆయన, పక్కింటివాళ్లకు వినపడేలా. కట్టేశాను. రెండోసారి తడిమి చూసి మరీ కట్టేశాను. అయినా ఈ మధ్య నేను స్నానం చేసి వచ్చేసరికి అది సన్నగా వెలుగుతూ ఉంటోంది. "మళ్లీ మర్చిపోయావా అమ్మా" అంటుంది మా అత్తగారు. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఆవిడ నన్ను అమ్మా అనలేదు. ఇప్పుడంటుంటే ఒళ్లు జలదరిస్తోంది.

వారానికి మూడు రోజులు ఉచిత భోజనశాలలో వడ్డిస్తాను. జీతం లేదు. "వెళ్లు, మనకే మంచి పేరు" అన్నది మా ఆయనే. ఇంట్లో చేసేదానికి జీతమూ లేదు, పేరూ లేదు. అక్కడ కనీసం తిన్నవాళ్లు కడుపు నిండిందంటారు.

అక్కడ అన్నానికి నిలబడే వరసలో ఒక పెద్దావిడ ఉంది, ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. మొదటిరోజే పళ్లెం వెనక్కి లాక్కుంది. "ఊరికే తినను. గరిటెకో మాట ఇస్తా, తీసుకుంటావా?" పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు భలే సరదా వేసింది. "సదరు" అంది. అంటే ఇంతకుముందు చెప్పిన అని అర్థమట. ఆ సాయంత్రం అంట్లు తోముతూ "సదరు గిన్నె మాడ్చినదెవరు?" అనుకుని పడీపడీ నవ్వాను. తర్వాత బేషరతుగా, సంక్రమించడం, సంరక్షకుడు, మతిస్థిమితం. బంగాళాదుంపల సంచి చింపి ఆ ముక్కల మీద రాసుకునేదాన్ని. "ఇవేం చేసుకుంటావే, కూరలో వేస్తావా?" అన్నాడు మా ఆయన. అని ఊరుకోలేదు, ఆ ముక్కలు ఏరి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆయన స్నేహితుడు, డాక్టరు, కాఫీకి వచ్చాడు. "ఒక్కతే నవ్వుకుంటోంది, ఏవేవో మాటలు రాస్తోంది" అని మా అత్తగారు గుసగుసగా చెప్పింది. ఇవాళ ఏ వారం అని డాక్టరు నన్నడిగాడు. ఒళ్లు మండి "మీకు తెలీదా?" అన్నాను. ఆయన కప్పు కిందపెట్టి ఏదో రాసుకున్నాడు.

నిన్న మా ఆయన ఒక కాగితం తెచ్చాడు. "ఇన్సూరెన్సుది. చదివి నీకేం అర్థమవుతుంది గానీ, ఇక్కడ సంతకం పెట్టు." చదివాను. 'సదరు స్త్రీకి మతిస్థిమితం లేనందున, ఆమెకు తల్లి నుండి సంక్రమించిన ఇంటికీ, ఆమెకూ భర్తయే సంరక్షకుడు. ఆమెను ఆసుపత్రిలో చేర్చుటకు బేషరతుగా సమ్మతి.' సదరు స్త్రీని నేనే. మతిలేనిదాని సంతకం వీళ్లకెందుకో! నవ్వు రాలేదు. భయం వేసింది. "చేతులు తడిగా ఉన్నాయండీ, రేపు పెడతా" అన్నాను. "రేపు తప్పదు. సాయంత్రం డాక్టరు కారు తెస్తాడు" అన్నాడు, నా తల నిమురుతూ.

పొద్దున పొయ్యి కట్టేసి, కట్టేసినట్టు ఫోన్లో ఫోటో తీసుకుని, ఆయన బల్ల మీద ఉంచిన కాగితం జాకెట్లో దోపుకుని భోజనశాలకి బయల్దేరాను. వరసలో పెద్దావిడ వంతు వచ్చింది. "ఇవాళ్టి మాట..." అంటుంటే ఆపి, కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చదివింది. మళ్లీ చదివి, కళ్లజోడు తీసి నా మొహంలోకి చూసింది.

ఆవిడ పళ్లెంలో రెండు గరిటెలు వేశాను.

"ఇవాళ ఒక్క మాటతో సరిపోదు పిన్నిగారూ. కోర్టుకి ఒక అర్జీ మొత్తం కావాలి. సంతకం దాని మీద పెడతాను."