వంజరం పడేదాకా

ముత్తుకూరు కరెంటు ప్లాంటులో ఇంజనీరు సుకుమార్‌కి చేత్తో బొమ్మలు వేసిన పాత పింగాణీ పళ్ళేలంటే ప్రాణం. ప్రతిదాని వెనకా చిన్నగా చిత్రకారుల సంతకం ఉంటుంది. గులాబీలు వేసిందెవరో, పక్షులు తప్ప మరొకటి ముట్టనిదెవరో, ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ చల్లారేదాకా చెప్పిగానీ వదలడు. అన్నింట్లోకీ ముద్దుబిడ్డ, నీలం చేప బొమ్మ ఉన్న లోతు పళ్ళెం. వేసినామె పేరు డోరతీ. ఆ పేరు మొగుడు పలికే తీరు చూసి, ఆమె బతికుంటే ఊరుకునేదాన్ని కాదంటుంది రేవతి.

ఆ రేవతే ఆ పళ్ళెంలో కొత్తావకాయ పెట్టి, పక్కనే సముద్రం ఒడ్డు పాలెంలో చేపలమ్మే చెంచమ్మకు పంపేసింది. స్టీలు పళ్ళేలన్నీ అంట్లలో ఉన్నాయట.

సంగతి తెలియగానే సుకుమార్ చెంచమ్మ ఇంటికి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. పళ్ళెం శుభ్రంగా కడిగి గూట్లో పెట్టి ఉంది. ఇమ్మంటే చెంచమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది.

"ఖాళీ పళ్ళెం ఎట్టిచ్చేది నాయనా? మా ఇంటి మర్యాద ఏం గావాల? వంజరం పడినాక పులుసు పోసి పంపిస్తా."

వంజరం చేప పడాలంటే పడవ సముద్రంలోకి పోవాలి. పడవ పోవాలంటే వేట నిషేధం ఎత్తేయాలి. అది మొన్ననే మొదలైంది, రెండు నెలలు. పోనీ బెల్లం ముక్కయినా పెట్టిమ్మన్నాడు సుకుమార్. ఆవకాయకు బెల్లమా అని ఆమె నొచ్చుకుంది. చివరికి కోట ఊరి నుంచి చెరువు రొయ్యలు తానే కొని తెచ్చిచ్చాడు. ఒకరు కొనిచ్చింది వాళ్ళ పళ్ళెంలోనే పెట్టి పంపితే నలుగురూ నవ్వుతారని, ఆమె కమ్మగా వండి తన సత్తు గిన్నెలో పోసి పంపింది. ఆ గిన్నెను ఖాళీగా ఎట్లా పంపేదని రేవతి బూరెలకు పప్పు నానబోసింది.

ఇక రోజూ ఏదో వంక పెట్టుకుని పాలెం వెళ్ళి, గూట్లోకి తొంగిచూసి రావడమే సుకుమార్ పని. అక్కడ పిల్లి దూకితే ఇతని పై ప్రాణాలు పైనే పోయేవి.

మొత్తానికి నిషేధం తీరింది. చెంచమ్మే స్వయంగా వచ్చింది. నీలం చేప మీద వంజరం పులుసు. పళ్ళెం అంచు చెక్కుచెదరలేదు. సుకుమార్‌కి ఏడుపొచ్చేంత సంతోషం. పులుసు గిన్నెలోకి వంచి, పళ్ళెం కడిగి తుడిచి, అద్దాల బీరువాలో దాని చోట నిలబెట్టాడు.

చెంచమ్మ చూపు బీరువాలోనే ఆగిపోయింది. అరల నిండా పళ్ళేలు, అన్నీ ఖాళీవే. ఆమె గొంతు తగ్గించి, దారి తప్పిన బిడ్డను అడిగినట్టు అడిగింది.

"ఇయ్యన్నీ ఎవరిండ్లయ్యి నాయనా? తిరిగియ్యకుండా పెట్టుకోనుండావే?"

ప్రతి పళ్ళెం వెనక సంతకమూ అతనికి కంఠతా వచ్చు. ఏ ఇంట్లో ఎవరు తిన్న పళ్ళేలో మాత్రం ఎన్నడూ అడగలేదు. సిగ్గుపడి బీరువా తలుపు మెల్లగా మూశాడు. అద్దం తలుపు కావడంతో ఏమీ దాగలేదు.