పోర్ఫిరియో ఫైల్లో సలోమి గుండె

ఇలోయిలో అనే మా ఊరి రేవులో పోర్ఫిరియో పడవ ఎక్కనివాళ్ళు మాలో తక్కువ. పొద్దున్నే గిమారస్ దీవికి బయల్దేరే మొదటి పడవ అతనిదే. రేవు మెట్ల దగ్గర అల్లం వేసిన గంజి అమ్మే సలోమి అతని భార్య. వయసులో చిన్నవాళ్ళు అతన్ని తాతాయ్ అనీ, ఆమెని నానాయ్ అనీ పిలుస్తారు.

పోర్ఫిరియోకి రక్తపోటు ఉంది. ఆసుపత్రిలో డాక్టర్ లెదెస్మా అతని చేతికి ఒక వాచీ కట్టింది. "దీన్ని విప్పకు తాతాయ్. నీ గుండె ఎలా కొట్టుకుంటోందో ఫోన్లోంచి తిన్నగా మా దగ్గర నీ ఫైల్లోకి వచ్చేస్తుంది" అంది.

మర్నాడే తోటి పడవలవాళ్ళు మొదలుపెట్టారు. "ఏరా పోర్ఫిరియో, ఈ వయసులో గాజులు తొడిగించుకున్నావా?"

ఇంటికొచ్చి వాచీ విప్పి బల్లమీద పడేశాడు. "తాడు లాగుతుంటే అడ్డమొస్తోంది. నావల్ల కాదు."

వాచీ ఆగిందంటే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేది. నర్సు ఆర్నెల్ మర్యాదగానే చివాట్లు పెట్టేవాడు. ఆ చివాట్లు తినేది సలోమి. విసిగిపోయి ఓరోజు తనే పెట్టేసుకుంది. ఫోన్లు ఆగిపోయాయి.

"ఎవరి చేతికుంటే ఏంటి? వాళ్ళకి టక్ టక్‌మనేది ఏదోటి కావాలి" అని నవ్వాడు పోర్ఫిరియో.

కొన్నాళ్ళకి లెదెస్మా అతన్ని పిలిపించింది. వాచీ తన చేతికి మార్చుకుని సలోమితో వెళ్ళాడు. ఛాతీకి తీగలు అంటించి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. కానీ ఫైల్లోకి వచ్చిన వాచీ గీతలు చూసి ఆమె మొహం చిట్లించింది.

"అప్పుడప్పుడు నీ గుండె లయ తప్పుతోంది తాతాయ్. ఇలాంటప్పుడు రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. పల్చబడ్డానికి మాత్ర రాస్తున్నా. వాచీ నువ్వే పెట్టుకుంటున్నావుగా?"

"నేను కాక ఇంకెవరు?" అన్నాడు.

బయటికొచ్చాక సలోమి నెమ్మదిగా అంది, "ఆ గుండె నాదేమోనయ్యా."

"నీకేమే, బియ్యం బస్తా ఎత్తుతావు. డాక్టరమ్మకి తెలీదా?"

ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్న మాట సలోమి మింగేసి, ఇంటికెళ్ళాక వాచీ మళ్ళీ తనే పెట్టుకుంది.

మోకాళ్ళ నొప్పికి పోర్ఫిరియో ఎవరికీ చెప్పకుండా వేసుకునే బిళ్ళలు ఈ కొత్త మాత్రకి తోడై కడుపుని దెబ్బతీశాయి. ఓ మధ్యాహ్నం నడి సముద్రంలో రక్తం కక్కుకుని పడిపోయాడు. పడవలో ఉన్నవాళ్ళే ఒడ్డుకి చేర్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

వార్డులో ఆర్నెల్ అతని ఫైలు తెరిచి తెల్లబోయాడు. మంచం పక్కన యంత్రం ఒకలా చూపిస్తోంది. ఫైల్లో అదే నిమిషానికి వాచీ నుంచి వస్తున్నది ఎగిరెగిరి పడుతోంది.

"డాక్టర్, తాతాయ్‌కి రెండు గుండెలున్నాయా?"

లెదెస్మా సలోమి వైపు తిరిగింది. "నానాయ్, ఏదీ, మీ చెయ్యి."

సలోమి చొక్కా చెయ్యి పైకి లాగి వాచీ చూపించింది. "ఆగితే తిడతారని పెట్టుకున్నానమ్మా. నేనే చంపుకున్నానా ఈయన్ని?"

"మీ గుండెకి వెయ్యాల్సిన మందు ఆయనకి వేశాను" అంది లెదెస్మా. వెంటనే సలోమిని పక్క మంచం మీద పడుకోబెట్టి తీగలు పెట్టించింది. లయ తప్పుతున్నది ఆమె గుండే.

పోర్ఫిరియో బతికాడు. అదే మాత్ర ఇప్పుడు సలోమి వేసుకుంటోంది.

పడవ నడిపే అనుమతి కాగితం తిరగరాయించుకోడానికి వెళితే మాత్రం రేవు ఆఫీసువాళ్ళు అతని ఆసుపత్రి ఫైలు తెప్పించి చూసి ఆపేశారు. జరిగిందంతా లెదెస్మా వివరంగా రాసిచ్చింది. పాత గీతలు తీసెయ్యడం తన చేతుల్లో లేదంది, కింద గమనిక మాత్రమే పెట్టగలనంది. ఆఫీసులో పై వరుస చదివినవాళ్ళు కిందికి రావడం లేదు.

"గుండె జబ్బువాడి చేతిలో ఇంతమందినెలా పెడతాం?" అన్నాడు అక్కడి అధికారి.

"జబ్బు నాది కాదయ్యా, మా ఆవిడది!"

"ఇక్కడ నీ పేరే ఉంది."

పడవ ఇప్పుడు తోటి పడవవాడు బెనిగ్నో నడుపుతున్నాడు. పోర్ఫిరియో గంజి గిన్నెలు కడుగుతూ భార్య పక్కనే కూర్చుంటున్నాడు.

"నన్ను తిట్టవేమయ్యా?" అంది సలోమి ఓ పొద్దున.

"ఎందుకు తిట్టను? నోరు రావడం లేదంతే. వద్దని విప్పింది నేను. పెట్టుకుంటోంది నేనేనని డాక్టరమ్మకి చెప్పిందీ నేనే."

అంతలో ఒకామె చంటిపిల్లనెత్తుకుని పడవ వైపు పోతూ ఆగింది. "తాతాయ్, మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

"కాగితం రానీ" అన్నాడు. సలోమి తలొంచుకుని పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.