వడియాల చాప

మా తోడికోడలు పద్మకుమారి అంటే నాకు పడేది కాదు. దాచిపెట్టి మాట్లాడటం నాకు చేతకాదు గనక ముందే చెప్పేస్తున్నాను. ఆ పిల్ల నాకు చేసిన అపకారం ఏమీ లేదు. విజయనగరంలో పుట్టింది, ఎనిమిదో తరగతి చదివింది, సన్నగా తెల్లగా ఉంటుంది. మా వైపు అందరిలా నన్ను 'అప్పా' అనకుండా పట్నపు పద్ధతిలో 'అక్కా' అంటుంది. ఇవేవీ తప్పులు కావని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

అసలు గొడవంతా ఒక్క ప్రశ్న దగ్గర వచ్చింది. రాజాం దగ్గర పల్లె మాది. నేను కాపరానికి వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. మా మావ ఎర్రన్న రోజూ తెల్లారగానే వీధరుగు మీద కూర్చుని, చుట్ట ముట్టించి, ఇంట్లోకి ఒక కేక వేసేవాడు.

"ఓలమ్మీ అసిరీ! ఈయేల ఎలాగుంటాదే?"

ఎండా, వానా, గాలా అని అడగడం అది. నేను అప్పటికే లేచి ఉప్పు కుండలో చెయ్యి పెట్టి చూసి ఉండేదాన్ని. ఉప్పు వేళ్ళకు అంటుకుంటే తడిగాలి తిరిగినట్టు. పొయ్యి రాజేస్తే పొగ పైకి లేవకుండా నేల మీద పాకితే వాన దగ్గర్లో ఉన్నట్టు. ఇదంతా మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గుమ్మం వెనక నిలబడి "ఎండే మావా" అనో, "మబ్బడతాది మావా" అనో అనేదాన్ని. ఆ మాట పట్టుకునే మావ కంబార్లకు ఆ రోజు పొలం పని పురమాయించేవాడు. సొంత కొడుకు మాట కూడా అంత వినేవాడు కాదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మా పెద్దకోడలు సెప్పినాది" అనేవాడు. అత్త లేని ఇంట్లో పన్నెండేళ్ళ చాకిరీ నాకు బరువనిపించలేదంటే ఆ ఒక్క మాట వల్లే.

అరవై ఎనిమిది డిసెంబరులో ఒక ఆదివారం నా మరిది జగన్నాధం వచ్చి వెళ్ళాడు. అతను సాలూరులో లారీల ఆఫీసులో గుమాస్తా. పదిహేను రోజులకోసారి వస్తాడు. ఈసారి వస్తూ పెళ్ళానికి ట్రాన్సిస్టరు రేడియో తెచ్చాడు. ఎవరో డ్రైవరు వాడినదట, తోలు సంచీలో ముద్దుగా ఉంది. మా ఆయన పన్నెండేళ్ళలో నాకంటూ కొని తెచ్చింది బొబ్బిలి సంతలో ఒక చేట. గట్టి చేటే, ఇప్పటికీ ఉంది, కాదనను.

సోమవారం పొద్దున్న మావ మామూలుగా నా పేరు పెట్టి కేక వేశాడు. ఉప్పు పొడిగా ఉంది. పొగ నిటారుగా పోతోంది.

"ఎండే మావా, నిన్నట్లాగే" అన్నాను.

ఆ వెంటనే పక్కగది తలుపు వెనక నుంచి పద్మకుమారి సన్నగా అంది, "మావయ్యా, రేడియోలో చెప్పేరు. ఉత్తరాది నుంచి చలిగాలులు ఒరిస్సా మీదుగా మనవైపు వస్తన్నాయట. రేపట్నించి చలి బాగా పెరుగుతాదట. వాన మాత్రం లేదట."

నాకు నవ్వొచ్చింది. ఒరిస్సాలో గాలి వీస్తే మన ఇంట్లో చెప్పడమేమిటి అనుకున్నాను.

మంగళవారం తెల్లవారేసరికి గాలి తిరిగింది. ఉత్తరం నుంచి ముక్కు చివర కోసేస్తున్నట్టు వీచింది. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టుకుపోయింది. ఎడ్లు లేవనని మొరాయించాయి. నేను పెదాలకు వెన్న రాసుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. మావ గొంగళి కప్పుకుని అరుగు మీదికి వచ్చిన చప్పుడైంది. చుట్ట వాసన వచ్చింది. తర్వాత కేక.

"ఓలమ్మీ పద్మా! ఈయేల ఎలాగుంటాదే?"

ఊదుగొట్టం నా చేతిలో అలాగే ఉండిపోయింది. కేక అదే, గొంతు అదే, చుట్ట అదే. నా పేరు తీసేసి దాని పేరు పెట్టాడు, అంతే. నెల్లాళ్ళ కిందట నట్టింట్లో అడుగుపెట్టిన పిల్లకి, పాలు కాచడం కూడా సరిగ్గా రాని పిల్లకి, నా పన్నెండేళ్ళ కేక ఇచ్చేశాడు మావ.

ఆ పిల్లతో మాట్లాడటం ఆ రోజే మానేశాను. అన్నం గిన్నె ముందు పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. ఆ రోజంతా దాని గదిలో పాటలే పాటలు. ఆ పాటలు నన్ను వెక్కిరించడానికే పెట్టిందనుకున్నాను. బుధవారం నుంచి పాటలు వినపడటం మానేశాయి. ఇప్పుడు నాకు వినపడకూడదని గొంతు తగ్గించి చెవి దగ్గర పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఏదైనా సరే నా మీద కోపంతోనే చేస్తోందనిపించేది.

అవి నేను గుమ్మడి వడియాలు పెట్టే రోజులు. రెండు పెద్ద బూడిద గుమ్మడికాయలు కోరి, పిండి రుబ్బి కలిపి, చాపల మీద పెట్టాను. రాత్రికి లోపల పెట్టి, తెల్లారగానే ఉప్పు చూసుకుని పెరట్లో పరిచేదాన్ని. బుధవారం పరుస్తుంటే పద్మకుమారి పెరటి గుమ్మంలో నిలబడి నా చాపల వంక చూస్తోంది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మావ దాన్ని పిలిచాడు. "ఎండే మావయ్యా, చలి మాత్రం తగ్గదు" అంది. మావ వరి పనలు కళ్ళానికి తోలించాడు. దిష్టి కళ్ళది, నా వడియాలు ఎలా ఎండుతాయో చూస్తాను అనుకుని నేను చాపల మూలన ఎండుమిరపకాయ పెట్టాను.

గురువారం మంచు కమ్మేసింది. చూరు నుంచి వానలా చుక్కలు కారుతున్నాయి. గాలి పొడిగానే ఉంది గనక పొద్దెక్కాక విడిపోతుందని నాకు తెలుసు. చాపలు పరచకుండా గోడవారగా తెచ్చి పెట్టాను. ఆ పిల్ల మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది, చూసింది, వెళ్ళింది. మావ కేకకి జవాబు చెప్పింది.

"ఇప్పుడు మంచే మావయ్యా. పొద్దెక్కేక ఎండ కాస్తాది."

మావ తొడ చరిచాడు. "ఓరి దీని తస్సదియ్యా! మన ఊరి మంచు కూడా ఆ డబ్బాకి తెలుస్తాదేటి!"

నాకు ఏడుపొచ్చింది. నా పెరట్లో మంచు ఎప్పుడు విడుతుందో కూడా రేడియోవాళ్ళకి తెలిసిపోతే ఇక నేనెందుకు, నా ఉప్పు కుండ ఎందుకు?

శుక్రవారం కళ్ళం చెక్కి, పేడతో అలికారు. నూతి దగ్గర పక్కింటి జగ్గమ్మ నన్ను చూసి, "మీ సిన్నకోడలు ఉన్నదున్నట్టు సెప్తన్నాదట గదే! మీకేటి, అదృష్టమంతులు" అంది. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

శనివారం సాయంత్రం గాలి పడిపోయింది. తర్వాత తూర్పు నుంచి మెల్లగా మొదలైంది. చలి విరిగింది. ఊళ్ళో అందరూ అమ్మయ్య అనుకున్నారు. నేను వంటింట్లో ఉప్పు కుండలో చెయ్యి పెడితే వేళ్ళన్నీ చెమ్మ. పొయ్యిలో పొగ పిల్లిలా నేల మీద తిరుగుతోంది. రేపు వానే. అందులో నాకు అనుమానం లేదు.

రేపు మావ పెద్దకుప్ప విప్పిస్తాడు. ఆరెకరాల పంట ఉంది అందులో. విప్పి కళ్ళంలో పరిచి ఎడ్లతో తొక్కించే వేళకి వాన పడితే గింజ గింజా నానుతుంది. ఒక్క మాట అంటే చాలు, "మావా, కుప్ప ముట్టుకోవద్దు." నా నోట్లోనే ఉంది ఆ మాట. నన్ను అడిగితే కదా? అడగని దానికి జవాబు చెప్పేంత గతి నాకేం పట్టింది? రేపు పొద్దున్న నా పేరు పెట్టి పిలవనీ, చెప్పేస్తాను. పిలవకపోతే రేడియో సంగతి అందరికీ తెలుస్తుంది. ఇలా నాకు నేనే ఒప్పందం చేసుకున్నాను.

ఆదివారం లేచేసరికి ఉప్పు కుండ అడుగున నీళ్ళూరి ఉన్నాయి. ఆకాశం మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. చాపలు తీసి మళ్ళీ ఆగాను. ఇవి పరచకపోతే తర్వాత మావ అంటాడు, "నీకు తెలిసే ఊరుకున్నావు" అని. అందుకని పరిచాను. రెండు గుమ్మడికాయల వడియాలు పోతే పోయాయి. రోజూ కంటే శ్రద్ధగా, మడతలు లేకుండా, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి మరీ పరిచాను. పద్మకుమారి గుమ్మంలోకి వచ్చింది, చూసింది, వెళ్ళింది.

నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. నా పేరు వస్తుందేమోనని చెవి ఒగ్గాను.

"ఓలమ్మీ పద్మా! ఈయేల కుప్ప ఇప్పించీనా?"

"ఇప్పించండి మావయ్యా. ఎండే."

పది గంటలకి మబ్బు పట్టింది. కళ్ళంలో పనలన్నీ పరిచి, ఎడ్లు తిరుగుతున్నాయి. పన్నెండుకి మొదలైన వాన సాయంత్రం దాకా వదల్లేదు. మా ఆయన, కంబార్లు, నేను, ఆ పిల్ల, అందరం పరిగెత్తాం. తాటాకు చాపలు, గోనెలు, దుప్పట్లు, ఏవి కప్పినా ధాన్యం నీళ్ళలో తేలుతూనే ఉంది. పక్క కళ్ళంలో గంగులు కుప్ప విప్పలేదు, పైన శుభ్రంగా గడ్డి నేసి ఉంది. అతను తల మీద గోనె వేసుకుని వచ్చి మాకు సాయం పట్టాడు.

"అదేటి మావా, నిన్న సాయంత్రం పంచాయితీ రేడియోలో సెప్పినారు గదా, తూరుపుగాలి తిరిగినాది, వాన పడతాదని! మీ ఇంట్లోనే రేడియో ఉన్నాది గదాని నాను మరి సెప్పనేదు" అన్నాడు.

మావ తడిసిన గింజలు దోసిట్లోకి తీసుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక పద్మకుమారి తలుపు వెనక నుంచి, "నాదే తప్పు మావయ్యా, సరిగ్గా వినలేదు" అంది.

నాకు సంతోషం వేసింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, నిజంగానే వేసింది. అయితే అది ఎంతోసేపు లేదు. గంగులు మాట మనసులో గుచ్చుకుంటోంది. ఆ రేడియో వాన అని చెప్తే ఈ రేడియో ఎండ అని ఎలా చెప్పింది? అయిదు రోజుల తర్వాత మొదటిసారి ఆ పిల్ల గదిలోకి వెళ్ళాను. ట్రాన్సిస్టరు వెనక మూత ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. బేటరీలు ఉబ్బి తెల్లగా పొడి కక్కాయి.

"ఇదెప్పుడు పాడైపోనాదే?" అన్నాను.

"మంగళవారం సాయంత్రమే. ఆయన రావడానికి ఇంకో వారం ఉంది. మావయ్య నా పేరు పెట్టి పిలుస్తన్నారు. పుట్టింట్లో కూడా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. పలకడం లేదని చెప్పడానికి నోరు రాలేదక్కా."

"మరి రోజూ ఎలాగ సెప్పినావు?"

"నీ చాపలు చూసి."

నా చూపు పెరటి గుమ్మం మీదికి పోయింది.

"నువ్వు పరిస్తే ఎండ. గోడవార పెడితే మంచు. పెద్దకోడలు ఎప్పుడూ తప్పదని నేను వచ్చిన రోజే మావయ్య చెప్పేరు. నిన్నే అడుగుదునక్కా, నువ్వు నాతో మాటాడితే కదా." కళ్ళు తుడుచుకుంది. "నీకైనా తెలిసుంటే బాగుణ్ణు. పాపం, నీ వడియాలు కూడా పోయాయి. అందినన్ని ఏరి చూరు కింద ఆరబెట్టేను."

చూరు కింద చేట ఉంది. బొబ్బిలి సంతలో కొన్న ఆ చేటలోనే, నానిపోయి ముద్దయిన వడియాలు ఒక్కొక్కటి విడదీసి పేర్చి ఉన్నాయి. అయిదు రోజులు నేను కుళ్ళిపోయింది నా మాట విని మావ మురిసిపోతుంటేనా! నా పేరు లేదన్న మాటే గాని ఆ ఇల్లు రోజూ నడిచింది నా ఉప్పు కుండ మీదనే. అది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆ పిల్లకీ అప్పటికి తెలియదు, ఆదివారం నేను కావాలని పరిచానని.

సోమవారం వాన వెలిసింది. ఉప్పు పొడిబారింది, మళ్ళీ ఉత్తరపు గాలి. మావ అరుగు మీదికి వచ్చాడు. చుట్ట వాసన రాలేదు.

"ఓలమ్మీ అసిరీ! ఈయేల ఎలాగుంటాదే?"

వారం రోజులు ఎదురుచూసిన కేక. గుమ్మం వెనక నిలబడ్డాను. పెరటి వైపు పద్మకుమారి ఖాళీ చాపల వంక చూస్తూ నిలబడి ఉంది. మొహం వాచి ఉంది.

"ఎండే మావా" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. "నిన్న వానని కూడా నాకు తెలుసు మావా. శనివారమే తెలుసు."

ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను.

తర్వాత మావ ఇంకో పదేళ్ళు బతికాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఆ వాన మాట ఎత్తలేదు. కేక మాత్రం మళ్ళీ వెయ్యలేదు, నా పేరుతో గానీ దాని పేరుతో గానీ. రోజూ తెల్లారగానే తనే వంటింట్లోకి వచ్చేవాడు. నేను పక్కకు తప్పుకునేదాన్ని. ఉప్పు కుండలో చెయ్యి పెట్టి చూసుకుని, వేళ్ళు పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయేవాడు.