గ్లోరీ నేర్చుకున్న మెల్ట్‌డౌన్

మా తమ్ముడి భార్య గ్లోరీకి ఫోనులో ఒక ఇంగ్లీషు మాట దొరికింది. అప్పటిదాకా మా ఇంట్లో పిల్లలు పేచీ పెట్టేవారు, మారాం చేసేవారు. అప్పటినుంచి గ్లోరీ కూతురు, మూడేళ్ల మా మేనకోడలు రాణికి మాత్రం మెల్ట్‌డౌన్ వచ్చేది. అది వస్తే ఇంట్లోవాళ్లంతా పిల్లకి వీపు తిప్పి నిలబడాలి. ఏడుపు ఆగేదాకా చూడకూడదు. వీడియోలో ఎవరో మహాతల్లి అలా చెప్పిందట. మా అమ్మ ఎలీసమ్మ కూడా బుద్ధిగా వీపు తిప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏడ్చే పిల్లని ఎత్తుకోడానికి కూడా వీడియో సూడాలేటే?" అని నేనంటే, "నువ్వు ఎత్తుకుంటే అలవాటైపోతాది వదినా" అనేది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి వసారాలో కూర్చున్నాం. భావనపాడు చుట్టుపక్కల ఊళ్లలో జీడిపిక్కలు ఎండబెట్టే రోజులు. పెరట్లో పట్టా మీద పరిచిన పిక్కల దగ్గర రాణి ఆడుకుంటోంది. ఉన్నట్టుండి కెవ్వుమంది. కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఏడుస్తోంది. నేను లేచేసరికి గ్లోరీ చెయ్యి పట్టుకుంది.

"ఇందాక ఐసు కొనలేదని. మెల్ట్‌డౌన్ వదినా, సూడకు."

అమ్మ, గ్లోరీ ఇద్దరూ గోడవైపు తిరిగారు. ఏడుపు చటుక్కున ఆగిపోయింది.

"సూసావా?" అంది గ్లోరీ గర్వంగా.

పేచీ పెట్టిన పిల్ల ఏడుపు అలా ఆగదు. కాసేపు వెక్కిళ్లయినా వినిపిస్తాయి. ఏమీ వినిపించలేదు. చెయ్యి విదిలించుకుని పరుగెత్తాను. పిల్ల పెదాలు వాచిపోయాయి. నోటి చుట్టూ ఒళ్లు పొక్కించే నల్లటి జీడి సొన, పక్కన కొరికిన పచ్చిపిక్క. గొంతులో గురగుర తప్ప మాట లేదు.

"ఓలమ్మో! పిక్క కొరికీసిందే!" అని అమ్మ గుండెలు బాదుకుంది.

ఆటోలో టెక్కలి చేరేదాకా గ్లోరీ "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. నేను పిల్ల ఛాతీ లేస్తోందా లేదా అని దానివైపే చూస్తూ కూర్చున్నాను. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

ఆసుపత్రిలో సూది వేశాక ఊపిరి తేలికపడింది. గండం గడిచిందన్నాడు డాక్టరు. నర్సు ఇంకో సూది తెచ్చి గుచ్చింది.

రాణి ఏడవలేదు. పొక్కిన పెదాల మీద రెండు చేతులూ అదిమిపెట్టుకుంది. కళ్ల నీళ్లు కారిపోతున్నా తల్లి మొహం మీంచి చూపు తిప్పలేదు, ఎక్కడ అటు తిరిగిపోతుందోనని.

గ్లోరీ మంచం పక్కన కూలబడింది.

"ఏడవే నా తల్లీ. గట్టిగా ఏడు. నిన్నే సూస్తన్నానమ్మా, ఇటే ఉన్నాను."

రాణి చేతులు తియ్యలేదు.