తొంభై మార్కులు

ఆ వృద్ధుల హోమ్‌లో అందరూ ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టేశారు. ఇరవై ఏళ్ళు నర్సుగా చేసి, మోకాళ్ళు మొరాయించాక, పెద్దవాళ్ళు ఎంత ఆరోగ్యంగా, ఎంత సుఖంగా బతుకుతున్నారో కొలిచే ఒక సర్వేలో చేరింది. మూడు నెలలకోసారి వచ్చి ఒక్కొక్కరి మంచం పక్కన కూర్చుని అవే ప్రశ్నలు అడగాలి. నడవగలుగుతున్నారా? స్నానం, బట్టలు సొంతంగానేనా? నొప్పి ఉందా? దిగులుగా ఉంటోందా? చివర్లో సున్నా నుంచి వంద దాకా గీతలున్న కాగితం చూపించి, "ఈరోజు మీ ఆరోగ్యానికి మీరే మార్కులు వేసుకోండి" అనాలి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ హాలు సంతలా ఉంది. చెప్పుకోవడానికి అందరికీ బోలెడు బాధలు. కిటికీ పక్క మంచం మీది టైలరమ్మ అయితే నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి, నోటికి మూతే లేదు. "మార్కులా? బళ్ళో ఎప్పుడూ ముప్పై దాటలేదమ్మా. నలభై వేసుకో, పాసైపోతాను" అని హాలంతా నవ్వించింది.

ఇది మూడో రాక. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. నాలుగు మంచాల మీద పరుపులు చుట్టేసి ఉన్నాయి. మొదటి మంచం పెద్దాయన తొంభై అన్నాడు. రెండో ఆవిడ తొంభై ఐదు. ఊపిరందక మాటకోసారి ఆగుతున్న మూడో ఆయనా తొంభయ్యే. నొప్పి? లేదు. దిగులు? లేదు. అందరూ కలిసి బట్టీ పట్టినట్టు ఒకటే పాట.

టైలరమ్మ నడుము దాకా దుప్పటి కప్పుకుని కూర్చుంది. బుగ్గలు లోపలికి పోయాయి.

"నొప్పేమైనా ఉందా పెద్దమ్మా?"

"నొప్పా? అదెలా ఉంటుందో మర్చిపోయానే."

"నడక?"

"జింకపిల్లననుకో."

"ఏదీ, ఒక్కసారి లేవండి."

ముసలామె నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడే నడిచొచ్చాను. తొంభై రాసుకుని వెళ్ళు తల్లీ."

దుప్పటి కింద నుంచి కుళ్ళు వాసన వస్తోంది. నర్సు ముక్కు ఊరుకోదు. ప్రశ్నలమ్మ వంగి దుప్పటి ఎత్తింది. ఎడమ కాలి రెండు వేళ్ళు బొగ్గులా నల్లబడ్డాయి. వాపు చీలమండ దాటి పైకి పాకింది.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

టైలరమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను, అరవకు."

పక్క మంచం లెక్కల మాస్టారు తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "యాభైకి తగ్గితే వెనక బ్లాకుకి మారుస్తారమ్మా. నలుగురిని తీసుకెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. ఈవిడనీ తీసుకెళ్ళబోతే, నలభై అన్నది తమాషాకని చెప్పి, హాలంతా నడిచి చూపించి తప్పించుకుంది."

మార్కులు హోమ్ వాళ్ళకెలా తెలిశాయని అడగబోయి, ప్రశ్నలమ్మ ఆగిపోయింది. "మా ఫైలుకో కాపీ ఇవ్వండి మేడమ్" అని మేనేజరు అడిగితే, ఇవ్వకూడదని తెలిసీ మొహమాటానికి ఇచ్చింది తనే. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆమె నేరుగా వెనక బ్లాకుకి నడిచింది. పదకొండు మంచాలు, ఒక్క ఆయా. పగలే అయినా కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు చప్పుడుకి ఒక్క తలా తిరగలేదు. మొదటిసారి అరగంట సేపు తన మనవరాలి ముచ్చట్లు చెప్పినాయన కళ్ళు తెరిచే పడుకున్నాడు. పిలిస్తే పలకలేదు.

"మాటలు మానేశారమ్మా. ఎవరూ రారు కదా, ఎవరితో మాట్లాడతారు?" అంది ఆయా.

మేనేజరు ఆమెను చూసి సంబరపడిపోయాడు. "ఓపిక లేనివాళ్ళు ప్రశాంతంగా ఉంటారనే కదా మేడమ్ అక్కడ పెట్టేది! మీ సర్వే పుణ్యమా అని ఈ హాలు మార్కులు ఎలా పెరిగాయో చూశారా?" ఆ కళ్ళల్లో కల్మషం ఏమీ లేదు. అతను మనసారా నమ్ముతున్నాడు.

ప్రశ్నలమ్మే అంబులెన్సు పిలిపించింది. స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుంటే టైలరమ్మ, "నా కొంప ముంచావు కదే" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, మోకాలి కింద నుంచి కాలు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ప్రశ్నలమ్మ కుమిలిపోయింది. తన తప్పుతో సహా ఉన్నదున్నట్టు రాసి సర్వే పెద్దలకు పంపింది. పరిశీలిస్తున్నామని రెండు ముక్కల జవాబొచ్చింది. మేనేజరుకి మాత్రం కాపీ ఇవ్వడం మానేసింది. అతను దానికీ నవ్వాడు. "పర్లేదు మేడమ్. ఆ ప్రశ్నలు మాకూ వచ్చేశాయి. ఇప్పుడు మేమే ప్రతి సోమవారం అడుగుతున్నాం."

మూడు నెలలకు మళ్ళీ వెళితే, ఆమె కూర్చోకముందే లెక్కల మాస్టారు "వంద" అన్నాడు. కిటికీ పక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది.

వెనక బ్లాకులో టైలరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"పెద్దమ్మా, నేనే. నొప్పుందా?"

టైలరమ్మ గోడకేసి చూస్తూనే అంది. "నీకెంత కావాలో అంత రాసుకో."

ప్రశ్నలమ్మ ఏమీ రాయలేదు. కాగితం సంచిలో పెట్టేసి, స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. వీపు ముడుచుకుంది తప్ప ఇటు తిరగలేదు. కాసేపటికి ఆయా వచ్చి, "లేవండమ్మా, తలుపేసెయ్యమన్నారు" అంది.